నడుం ఖర్చు ఏ ఖాతాలో రాద్దాం? తోటి రైస్ మిల్లర్లకు ఒక బహిరంగ లేఖ

మిర్యాలగూడ, నల్లగొండ, సూర్యాపేట వైపు మిల్లులు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. మా నాన్న ఒక హల్లర్‌తో మొదలుపెట్టిన పనిని నేను బాయిల్డ్ మిల్లు దాకా తెచ్చాను. బ్యాంకు అప్పులు మీకున్నట్టే నాకూ ఉన్నాయి. సర్కారు ధాన్యాన్ని ఆడించి తిరిగివ్వాల్సిన బియ్యానికి, అదే సీఎంఆర్‌కి, గడువు దగ్గర పడితే మీకు పట్టని నిద్ర నాకూ పట్టదు. కాబట్టి ఇది బయటివాడెవడో వచ్చి చెప్పే సుద్దులు అనుకోవద్దు. హమాలీల మీద జాలితో రాస్తున్నానని కూడా అనుకోవద్దు. జాలి ఉంటే మంచిదే, కానీ జాలితో మిల్లు నడవదని మనందరికీ తెలుసు. నేను రాస్తున్నది లెక్కల గురించి. బస్తాలెత్తే హమాలీల నడుములు పాడైతే మన మీద పడే, మన చిట్టాలో ఏళ్ల తరబడి పేరు లేకుండా రాసుకుంటూ పోతున్న ఒక ఖర్చు గురించి.

రెండేళ్ల కిందటి యాసంగి. పొద్దున్నే గోదాముకు చేరాల్సిన లారీ రాత్రి పదిన్నరకి మా మిల్లుకొచ్చింది. ఏసీకే, అంటే గోదాముకి ఒక విడత అప్పగించే బియ్యం, మీకు చెప్పక్కర్లేదు, 290 క్వింటాళ్లు, 580 బస్తాలు. హమాలీల ముఠాలో ఎనిమిది మంది. పగలంతా ధాన్యం లారీలు దించి ఉన్నారు. నాలుగొందల బస్తాలు ఎక్కాయో లేదో, లోపల్నుంచి ఒక కేక. వెళ్లి చూస్తే మా ముఠాలో అందరికంటే పనిమంతుడు బస్తా పక్కన బోర్లా పడి ఉన్నాడు. లాట్, అంటే పేర్చిన బస్తాల దొంతర, అడుగుకి వచ్చేసరికి బస్తాలు నేల మీదున్నాయి. నేల మీది బస్తాను వంగి ఎత్తి, నిటారుగా నిలబడకముందే పక్కకి తిరిగాడట. "కమర్ పకడ్ లియా సేఠ్" అన్నాడు, నడుం పట్టేసిందని. ముఠాను తెచ్చిన మేస్త్రీ నవ్వి, "ఏం కాదు సేటూ, పొద్దుగాలకి సర్దుకుంటది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాకు ఆ క్షణంలో కనపడింది అతని నడుం కాదు, మిగిలిన నూటెనభై బస్తాలు.

బామ్ రాశారు. ఊరి ఆరెంపీ వచ్చి సూది వేశాడు. ఒకరోజు పడుకుని మూడో రోజుకి మళ్లీ బస్తా కింద దూరాడు. రోజుకూలీ కాదు కదా, బస్తా లెక్కన డబ్బులు. పడుకుంటే ఎవరిస్తారు? మూడు వారాల తర్వాత ఎడమ పాదం ఈడుస్తూ నడవడం మొదలైంది. హైదరాబాద్ పంపి ఎమ్మారై తీయిస్తే ఎల్-4, ఎల్-5 మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషన్ మాట వినగానే అతను ఊరికి పోతానన్నాడు. నలభై రెండేళ్ల మనిషి, రైలెక్కించడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. నెలాఖరున చిట్టా చూస్తుంటే అర్థమైంది, అవలేదని.

ఆ రాత్రి లోడింగ్ సగంలో ఆగింది. లారీ వెయిటింగ్ కింద కట్టిన డబ్బు రవాణా ఖర్చుల్లో పడింది. పక్క మిల్లు నుంచి వేరే ముఠాను బతిమాలి తెచ్చాను. అర్ధరాత్రి అవసరమని తెలిసినవాడు అడిగే రేటు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అది హమాలీ ఖర్చుల్లో పడింది. సీజన్ ముందు మేస్త్రీకిచ్చిన అడ్వాన్సులో ఈ మనిషి వాటా రాని బాకీల్లోకి వెళ్లింది. అతను వెళ్లాక ఇద్దరు బావమరదులూ సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. ముఠా ఎనిమిది నుంచి ఐదుకి పడిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకి లాట్ కట్టడం రాదు. ఆ పనిలో నేర్పుందని మనం ఒప్పుకోం కానీ, అడ్డం నిలువు అల్లిక తప్పితే ఇరవై వరసల లాట్ ఎలా ఒరుగుతుందో నేను కళ్లారా చూశాను. బస్తాలు పగిలి, బియ్యం మట్టిలో కలిసి, దాన్ని మళ్లీ జల్లెడ పట్టి, కొత్త బార్దాన్‌ గోనెసంచుల్లోకెత్తి... అది తరుగు కింద పోయింది. దేవుడి దయ, కింద ఎవరూ లేరు.

ఇక అతని వైద్యానికి నేనిచ్చిన డబ్బు ఎక్కడ రాశావని మా గుమాస్తాని అడిగాను. మా నాన్న కాలం నుంచి ఉన్న మనిషి. కళ్లద్దాలు పైకి తోసుకుని, "ధర్మం ఖాతాలో రాశాను బాబూ" అన్నాడు. గుడికి చందా, వినాయక చవితికి చందా, దాని కింద హమాలీ ఎమ్మారై.

నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఎలివేటర్ బెల్టు తెగితే రిపేర్ల ఖాతా. మోటార్ కాలితే రిపేర్ల ఖాతా. మిల్లులో బేరింగ్ శబ్దం కాస్త మారితే నిద్రలోంచి లేచి కూచుంటాం. అదే మిల్లులో రోజుకి వందలసార్లు వంగి లేచే నడుం పాడైతే అది మన ధర్మబుద్ధి అయిపోయింది. ఆ సాయంత్రం గుమాస్తా, నేను కూచుని చెల్లాచెదురుగా ఉన్న ఆ ముక్కలన్నీ ఒక కాగితం మీదికి తెచ్చాం. అంకె ఇక్కడ రాయను, మీ మిల్లులో అది వేరేగా ఉంటుంది. ఆ ఏడాది మిషనరీ రిపేర్లకి నేను పెట్టినదానికంటే అది ఎక్కువ అని మాత్రం చెప్తాను.

మీరడగొచ్చు, బస్తా మోస్తే నడుం నొయ్యకుండా ఉంటుందా, తాతల కాలం నుంచి మోస్తున్నదే కదా అని. నేనూ అదే అన్నాను. తర్వాత కొంచెం చదివాను, ఒక ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర కూచుని అడిగాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సిఫారసు చేసింది. మన సీఎంఆర్ బస్తా 50 కిలోలు. పాసైపోయాం అనిపిస్తుంది. కానీ అమెరికాలో నియోష్ అనే సంస్థ ఎత్తే పనికి ఒక లెక్క వేసింది. బరువు ఒంటికి దగ్గరగా ఉండి, నడుం ఎత్తులో ఉండి, ఒళ్లు తిప్పకుండా, మాటిమాటికీ కాకుండా ఎత్తితే, అంటే అన్నీ కుదిరితే, 23 కిలోలు. నేల మీంచి ఎత్తితే, పక్కకి తిరిగితే, నిమిషానికో బస్తా ఎత్తితే ఆ 23 కూడా తగ్గుకుంటూ పోతుంది. మన దగ్గర ఆ మూడూ ఒకేసారి జరుగుతాయి, అదీ అంతకు రెట్టింపు పైన బరువుతో.

ఇంకో సంగతి. ఒక ఏసీకేని ఎనిమిది మందికి పంచితే మనిషికి 72 బస్తాల పైన, అంటే మూడున్నర టన్నులు దాటి. ఈ లెక్క కూడా తక్కువే. ఎందుకంటే ఒక్కో బస్తాని ఒక్కరే ముట్టుకోరు. కింద ఇద్దరు చెరో కొసా పట్టి ఎత్తి వీపు మీదికి అందిస్తారు, ఒకడు మోసుకెళ్తాడు, లారీలో ఇంకొకడు సర్దుతాడు. కింద నిలబడి ఎత్తే ఆ ఇద్దరూ మధ్యలో మారకపోతే ఒక్క లారీకి 580 సార్లు వంగుతారు. మోసేవాడి నడుమే పోతుందని మనం అనుకుంటాం. మా మిల్లులో పడిపోయినవాడు ఎత్తేవాడు.

బెల్టుల మాట కూడా చెప్తాను, నా తెలివితక్కువతనం దాచుకోవడం ఎందుకు. ఈ సంగతి జరిగిన దసరాకి అందరికీ నడుం బెల్టులు కొనిపెట్టాను. ఫొటో కూడా దిగాం. నెల తిరక్కుండా అవి లేబర్ గదిలో మేకులకి వేలాడుతున్నాయి, చెమటకి దురద అని ఎవరూ పెట్టుకోలేదు. తర్వాత తెలిసింది, దెబ్బలేని నడుముకి బెల్టు పెడితే గాయం తప్పుతుందనడానికి సరైన ఆధారం లేదని అదే నియోష్ 1994లోనే చెప్పిందట. డబ్బులు పోయినందుకు కాదు, నేనేదో చేసేశానని నెల రోజులు హాయిగా నిద్రపోయినందుకు సిగ్గేసింది.

ఇప్పుడు చట్టం సంగతి. "వాళ్లు మా హాజరు మస్టర్‌లో లేరు, మేస్త్రీ మనుషులు" అనేది మన తారకమంత్రం. అది కోర్టులో నిలబడదు. 1923 నుంచి ఉన్న నష్టపరిహారం చట్టంలోనే, కాంట్రాక్టర్ తెచ్చిన మనిషైనా మన ఆవరణలో మన పని చేస్తూ దెబ్బ తింటే ముందు మనమే కట్టాలి, తర్వాత కావాలంటే కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి అని ఉంది. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చి ఆ చట్టం సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది, ఆ బాధ్యత మాత్రం మన నెత్తి మీంచి దిగలేదు. పాత చట్టం లెక్కే చూద్దాం. 2020 నుంచి లెక్కకి తీసుకునే నెల జీతం 15,000. నలభై ఏళ్ల మనిషికి గుణకం 184.17. పూర్తిగా పనికి పనికిరాకుండా పోతే జీతంలో 60 శాతాన్ని దాంతో గుణించాలి, అంటే 16,57,530 రూపాయలు. సంపాదించే శక్తి 30 శాతం పోయిందని డాక్టర్ రాసిచ్చినా 4,97,259. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం దాకా పెనాల్టీ. మీకు ఇన్సూరెన్స్ పాలసీ ఉండొచ్చు. అయినా ఆ పెనాల్టీ మాత్రం కంపెనీ కట్టదు, యజమానే కట్టాలని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంకోవైపు ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, చూడండి. పది మంది, అంతకు పైన ఉన్న చోట, నెలకి 21,000 లోపు జీతగాళ్లకి, యజమాని వాటా 3.25 శాతం. పదిహేను వేల మనిషికి నెలకి 487 రూపాయల 50 పైసలు. పన్నెండు మంది హమాలీలకి ఏడాదికి 70,200. పనిలో దెబ్బ తగిలి పడుకుంటే జీతంలో 90 శాతం ఈఎస్ఐ ఇస్తుంది, వైద్యం అదే చూస్తుంది, పైగా ఆ గాయానికి నష్టపరిహారం కేసు మన మీద నడవదు. నేను ఇన్నాళ్లూ దీన్ని తప్పించుకోవడం తెలివి అనుకున్నాను. ఆస్పత్రుల్లో క్యూలు, మందుల కొరత, ఆ తిప్పలు నాకూ తెలుసు. అయినా లెక్క లెక్కే.

హమాలీకి ఏం కొరత, ఒకడు పోతే ఇంకొకడు వస్తాడు అనే అన్నలకి ఒక్కసారి 2020 మే గుర్తు చేస్తాను. దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకి రైళ్లెక్కి పోతున్నారు. ఆ రోజుల్లోనే బీహార్ ఖగారియా నుంచి లింగంపల్లికి ఒక రైలు ఎదురొచ్చింది. అందులో రెండొందల పైచిలుకు మంది, మన రైస్ మిల్లుల్లో పని చేయడానికి వచ్చిన హమాలీలు. స్టేషన్‌కి మంత్రులే వెళ్లి స్వాగతం చెప్పారు. ధాన్యం కల్లాల్లో ఉంది, మిల్లుల్లో దించే నాథుడు లేడు. ఆ నెల మనకి తెలిసొచ్చింది ఎవరి వీపు మీద మనం మిల్లు నడుపుతున్నామో. మరి అలాంటి మనిషిని నలభై రెండేళ్లకి పనికిరాకుండా చేసి పంపిస్తే, అతను వాళ్లూళ్లో ఏం చెప్తాడు? మా మేస్త్రీ ఆ తర్వాతి సీజన్‌కి మనిషికి అడ్వాన్సు పెంచి అడిగాడు. కారణం అడిగితే తల గోక్కున్నాడు. "ఆ మిల్లుకా అంటున్నరు సేటూ" అన్నాడు. ఈ ఖర్చుని ఏ ఖాతాలో రాయాలో మా గుమాస్తాకీ తెలియలేదు.

ప్రతి సీజన్‌లో మిల్లుల ముందు లారీలు బారులు తీరతాయి. రైతు మనల్ని తిడతాడు, కలెక్టరాఫీసు నుంచి ఫోన్ వస్తుంది, మనం హమాలీల కొరత అంటాం. కొరతలో కొంత మనం చేసుకున్నదే అని ఏ మీటింగ్‌లోనూ అనుకోలేదు.

బస్తా బరువు మన చేతుల్లో లేదు అంటారు. సగమే నిజం. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాకింగ్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ అన్నారు. ఏం చేశాం మనం? చూస్తుండగానే మార్కెట్లోకి 26 కిలోల బస్తా దించాం. కొత్త సంచులు, కొత్త ప్రింటు, కాటా సెట్టింగు, అన్నీ చకచకా అయిపోయాయి. పన్ను కోసం ఒక్క కిలో పెంచడం అంత సులువుగా వచ్చినవాళ్లకి, నడుం కోసం తగ్గించే ఆలోచన ఎందుకు రాదు? సీఎంఆర్ గోనె 50 కిలోలది, అది ఆ బియ్యం తీసుకునే ఎఫ్‌సీఐ, సివిల్ సప్లైస్ వాళ్ల నిబంధన, మనం మార్చలేం. కానీ అడగొచ్చు. యూరియా బస్తా దశాబ్దాల పాటు 50 కిలోలే. వాడకం తగ్గించాలని కేంద్రం 2018లో 45 చేసింది, ఎవరి కొంపా మునగలేదు. మన అసోసియేషన్ గన్నీల ధర మీద, మిల్లింగ్ చార్జీల మీద ఎన్ని వినతిపత్రాలిచ్చిందో నాకు తెలుసు, కొన్నింటి మీద నా సంతకమూ ఉంది. బస్తా బరువు మీద ఒక్కటీ లేదు.

అయితే బరువొక్కటే తగ్గిస్తే చాలదని కూడా ఒప్పుకోవాలి. 26 కిలోల బస్తాలు రెండేసి కలిపి వేసుకెళ్లడం మీరూ చూస్తున్నారు. బస్తాకింత అని రేటున్నంత కాలం అలాగే మోస్తారు, వాళ్ల తప్పేం లేదు. కూలీ క్వింటాల్ లెక్కకి మార్చి, ఒక్కొక్కటిగా మోసినా రోజు కూలీ పడిపోకుండా రేటు చూసుకోవాలి. దీనికి మేస్త్రీలు మొదట ఒప్పుకోరు. మా మేస్త్రీ రెండు నెలలు ముఖం ముడుచుకుని తిరిగాడు.

మా మిల్లులో నేను చేసినవి పెద్ద ఘనకార్యాలేం కావు. మొదట ఒక బస్తాని పుట్టినప్పటి నుంచి లారీ ఎక్కేదాకా ఎన్నిసార్లు ఎత్తి దించుతున్నామో లెక్కపెట్టాం. కుట్టు మిషన్ దగ్గర నేల మీద పడేస్తాం, అక్కణ్ణించి లాట్‌కి, లాట్ నుంచి మళ్లీ నేలకి, నేల నుంచి లారీకి. ఇందులో సగం మన ప్లానింగ్ లేకే. కుట్టు మిషన్ కింద నడుం ఎత్తున సిమెంటు దిమ్మె కట్టించాను, బస్తా ఇప్పుడు నేలని తాకదు. లాట్‌లన్నీ పాత చెక్క బల్లల మీద కడుతున్నాం, ఆఖరి వరస కూడా మరీ పాదాల దగ్గర ఉండదు. లారీ డాల ఎత్తుకి ఒక అరుగు. ఒక సెకండ్‌హ్యాండ్ బెల్ట్ కన్వేయర్. వీటికన్నిటికీ కలిపి అయిన ఖర్చు, ఆ రాత్రి తాలూకు కాగితం మీది అంకెకంటే తక్కువ. ఎత్తేవాళ్లని ప్రతి వంద బస్తాలకీ మారుస్తాం. రాత్రి పది దాటితే లోడింగ్ పెట్టను. ఈ ఆఖరిదాన్ని గడువు ముంచుకొచ్చి రెండుసార్లు తప్పాను, అదీ చెప్పేస్తున్నాను.

నడుం పట్టిందని ఎవరైనా అంటే ఇప్పుడు మేస్త్రీ నవ్వడు. డాక్టర్ చెప్పినదాని ప్రకారం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, మంచానికి అంటుకుపోవడం మంచిది కాదు, తేలికపాటి పని చేస్తూ ఉండడమే మేలు. అందుకని అలాంటి మనిషికి కాటా దగ్గర చీటీ రాయడం, సంచులు లెక్కపెట్టడం, కుట్టు మిషన్ మీద నిలబడడం లాంటివి ఇచ్చి, కూలీలో పెద్దగా కోత లేకుండా చూస్తున్నాను. ఇది మొదలుపెట్టాక ఒక వింత జరిగింది. నొప్పిని దాచుకోవడం మానేశారు. మొదటి రోజే చెప్తున్నారు. మొదటి రోజు చెప్తే ఖర్చు ఒక వారం తేలికపని. మూడు వారాలు దాస్తే ఖర్చెంతో పైన రాశాను. ఒక్క జాగ్రత్త మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లలో పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

దోపిడీ అని నన్నెవరూ తిట్టకపోయినా, ఆ మనిషి సంగతి అడుగుతారని తెలుసు. పట్నాలో ఆపరేషన్ చేయించుకున్నాడు. నడుస్తున్నాడట, బరువు ఎత్తలేడు. అడ్వాన్సు కొట్టేశాను. ఇంకొంత పంపాను. అతనికి చట్టం ప్రకారం రావాల్సింది అంతకంటే చాలా ఎక్కువ అని ఇది రాస్తున్నప్పుడు నాకు తెలుసు. వకీలుతో మాట్లాడాను, డాక్టర్ సర్టిఫికెట్ కోసం మేస్త్రీ ద్వారా కబురు పెట్టాను. నా పేరు ఈ లేఖ కింద పెట్టకపోవడానికి ఆ లెక్క ఇంకా తేలకపోవడం ఒక కారణం.

అసోసియేషన్ పెద్దలకి నేనడిగేది ఎక్కువ కాదు. వచ్చే జనరల్ బాడీ అజెండాలో ఈ విషయం ఒకటి పెట్టండి. గోనె బరువు తగ్గించమని ఎఫ్‌సీఐకి, సివిల్ సప్లైస్‌కి ఒక వినతిపత్రం రాయండి, మొదటి సంతకం నేను చేస్తాను. ఈఎస్ఐలో అందరం కలిసి చేరితే, ఒక మిల్లు కడుతోంది ఇంకోటి కట్టట్లేదు అనే పోటీ గొడవ ఉండదు. నలభై దాటినవాళ్లకి ఏడాదికోసారి ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలని కొత్త లేబర్ కోడ్‌లో ఎలాగూ ఉంది, పది మిల్లులు కలిసి ఒక క్యాంపు పెడితే తేలిగ్గా అయిపోతుంది.

అప్పటిదాకా మీరొక్కరే చేయగల పని ఒకటుంది. ఈ సీజన్ మొదలయ్యే రోజు మీ గుమాస్తాతో చిట్టాలో ఒక కొత్త పేజీ తీయించండి. పైన "నడుం" అని రాయించండి. వెయిటింగ్, అదనపు ముఠా, మునిగిన అడ్వాన్సు, బామ్ సీసాతో సహా అన్నీ అందులోనే పడనివ్వండి. మా గుమాస్తా మొదట ఆ పేరు రాయడానికి మొహమాటపడ్డాడు, లక్ష్మి కూచునే చిట్టాలో ఇదేం పేరు బాబూ అని. ఇప్పుడు నెలాఖరున ఆ పేజీనే ముందు తెరిచి పెడుతున్నాడు. సీజన్ అయ్యాక మీ పేజీ, నా పేజీ పక్కపక్కన పెట్టుకుని కూచుందాం. టీ నాది.

ఇట్లు,
మీ తోటి మిల్లరు